వానకు వదిలిన తాళ్ళు

మార్చి నెలాఖరున సూర్యాపేటలో మా టెంట్‌హౌస్ గోదాము ముందు ఒక పార్సిల్ ఆటో ఆగి, ఆరు ఉయ్యాలలు దింపి పోయింది. కూతురికి పెళ్ళి కాకముందే ఇంటికి అరడజను ఉయ్యాలలు తెప్పించుకున్న తండ్రిని ఈ జిల్లా మొత్తంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

"సంతకం పెట్టు డాడీ," అంది మా సింధు.

పెట్టాను. విప్పి చూస్తే పారాచూట్ గుడ్డతో కుట్టిన ఉయ్యాలలు, ఒక్కొక్కటి పిడికిట్లో పట్టేంత. చెట్టుకూ చెట్టుకూ మధ్య కట్టుకుని మనిషి అందులో పడుకోవాలట. పైన వాన పడకుండా ఆరు పట్టాలు. మా వ్యాపారంలో పట్టా అంటే నలుగురు మోసుకొచ్చే టార్పాలిన్. ఇవి మడిస్తే టిఫిన్ డబ్బా అంత ఉన్నాయి.

"సింధూ, కాలేజోళ్ళు నీకు డిగ్రీ పట్టా ఇచ్చిన్రు. భూమి పట్టా మనకెవ్వడూ ఇయ్యలే. ఇగ ఈ పట్టా ఏం పట్టా బిడ్డా? పడితే సేతిల ఆనతలేదు, ఇడిస్తే ఎగిరిపోతది!"

"వాటర్‌ప్రూఫ్ డాడీ."

"అది వాటర్‌ప్రూఫే. డాడీప్రూఫా కాదా సూస్కో."

పట్టాను నాలుగు మూలలా లాగి కట్టే తాళ్ళు బూట్ల లేసుల్లా ఉన్నాయి. ఆ తాళ్ళను నేలకు పట్టి ఉంచే మేకులేమో వేలెడేసి అల్యూమినియం పుల్లలు. మా మేస్త్రీ ఉప్పలయ్య ఒకటి తీసి చెవిలో పెట్టి చూశాడు. నాకంటే పదేళ్ళు పెద్దవాడు. ఇరవై ఆరేళ్ళుగా నేను చెయ్యి పైకెత్తితే తాడు లాగుతాడు, కిందికి దించితే వదులుతాడు.

"సేటూ, గులిమి తీయనీకి మంచిగున్నయి," అన్నాడు.

"పెగ్గులు కాకా అవి," అంది సింధు.

సరిగ్గా అప్పుడే మా ఆవిడ శోభ చాయ్ పట్టుకుని వచ్చింది. మా ఇంట్లో మాట్లాడుకునేది లంబాడీ. శోభకు కోపమొస్తే మాత్రం తెలుగులోకి దిగుతుంది.

"ఎన్ని పెగ్గులు?" అంది, తెలుగులో.

"ఇరవై నాలుగు," అన్నాను.

"నీకూ ఉప్పలన్నకేనా, ఇంకెవలన్న ఉన్నరా?"

నవ్వులు అయ్యాక సింధు అసలు సంగతి చెప్పింది. హైదరాబాదులో హోటల్ రిసెప్షన్‌లో మూడేళ్ళు నిలబడి, సెలవు మీద వచ్చింది మా అమ్మాయి. వాళ్ళు మేనేజర్ని చేస్తాం, జూన్ పదిహేనుకల్లా రమ్మన్నారు. తనకేమో ఇక్కడే వాడపల్లి దగ్గర నది ఒడ్డున ఉయ్యాలల క్యాంపు పెట్టాలని ఉంది. శనివారం రావడం, చెట్ల కింద పడుకోవడం, ఆదివారం పోవడం. కోదాడలో ఒక బడి వాళ్ళతో మాట్లాడింది. మే నెలలో ఆరుగురు టీచర్లు వచ్చి ఒక రోజు ఉండి చూస్తారు. బాగుందంటే చలికాలంలో పిల్లల్ని తీసుకొస్తారు, క్యాంపు నిలబడుతుంది. బాగాలేదంటే తను బ్యాగు సర్దుకుంటుంది.

"ఒక్క ఎండకాలం ఇయ్యి డాడీ. నిన్నూ, ఉప్పల కాకానూ, వ్యానునూ. అంతే."

ఫంక్షన్ హాళ్ళు వచ్చాక మా షామియానాలకు మిగిలినవి పదకొండో దినాలూ, పార్టీ మీటింగులూ. ఒకచోట ఏడుపు వినాలి, ఇంకోచోట బాకీల కోసం ఏడవాలి. పైగా పిల్ల ఇక్కడే ఉండిపోవాలని నాకు ఎంతగా ఉందంటే, ఆ మాట మామూలుగా చెప్పడం నాకు చేతకాలేదు.

"ఇచ్చిన పో," అన్నాను. "తాళ్ళూ మేకులంటే నాకంటే మొగోడు ఈ జిల్లాల లేడు. నీ క్యాంపు ఎట్ల నిలబడదో నేనూ సూస్త."

*

వాడపల్లిలో మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటికి కిలోమీటరు ఇవతల యేసయ్య సార్ తోపు. చింత, వేప కలిపి నలభై చెట్లు. సార్ రిటైరైన హెడ్మాస్టరు. మార్చిలో చింతపండు దులిపేశాక ఆ తోపుతో ఆయనకు పని లేదు. చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము ఆకుల మీద పేరుకుని ఉంది.

"ఈడ చెట్లకు ప్లాస్టరింగ్ అయిపోయింది సార్, సున్నమేసుడే తక్కువ," అన్నాను.

సార్ నవ్వలేదు. "చెట్టుకు మేకు తగిలిందనుకో జగన్, ఆ రోజే గేటుకు తాళం."

"తాళం మీది, తాళ్ళు మావి సార్."

అప్పుడూ నవ్వలేదు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పాడట.

సింధు చెట్లకు వెడల్పాటి బెల్టులు చుట్టి, వాటికి ఉయ్యాలలు తగిలించింది. దానికి పైన, అదే రెండు చెట్ల మధ్య వేరే తాడు కట్టి, ఆ తాడు మీద పట్టా వేసింది. రెంటికీ ఒకే తాడు వాడితే మనిషి ఉయ్యాలలో కూర్చోగానే పట్టా కూడా వెంబడి దిగి మూతికి తగులుతుందట.

"అత్తాకోడండ్లు ఏరుపడ్డట్టు," అన్నాను.

"గట్లనే డాడీ. గప్పుడే రెండూ మంచిగుంటయి."

ఇక మేకుల దగ్గరికొచ్చేసరికి కథ తేలిపోయింది. నది పక్క నేల, సగం ఇసుక. ఆ అల్యూమినియం పుల్లలు నేను చిటికెన వేలితో లాగితే వచ్చేశాయి. నేను వ్యాను దగ్గరికి నడిచి, నా పాత ఇనుప మేకుల బస్తా భుజాన వేసుకొచ్చి, సింధు కాళ్ళ ముందు ధన్ మని పడేశాను. ఒక్కో మేకు మూరెడు.

"ఇట్లా సూడు. మేకు తల పట్టా దిక్కు ఒంగితే దండం పెట్టినట్టు. దండం పెట్టేటోడు ఎవడు గుంజినా ఎంబడి వస్తడు. మేకు అలిగిన అల్లుని లెక్క ఎన్కకు ఒరిగి కూసోవాలె. ఎంత గుంజితే అంత బిగుసుకుంటడు. ఇసుక నేల గన్క దిగ్గొట్టినంక పైన ఒక ఇసుక బస్తా. ఏం ఉప్పలన్నా?"

"అల్లుని మీద బస్తా," అన్నాడు ఉప్పలయ్య, సమ్మెట ఎత్తుతూ.

సింధు పడీ పడీ నవ్వి, ఫోన్‌లో రాసుకుంది. హోటల్ మేనేజర్ కాబోయే పిల్ల నా మాట రాసుకుంటుంటే నా ఛాతీ షామియానా అంత అయింది. ఆ ఊపులో పెద్ద పాఠం కూడా చెప్పేశాను.

"ఇంకోటి యాదికుంచుకో. వాన వాసన తగిలిందా, తాడు జానెడు వదలాలె. తడిసిన తాడు బిగుసుకపోతది. మనం వదలకుంటే అది మేకునన్న పీకుతది, గుంజనన్న ఇరుస్తది. చివ్వెంలల ఒక పెండ్లికి నేను నలభై తాళ్ళు వదిలి నిలబెట్టిన టెంటు. అదే రోజు పక్క పెండ్లోడు వదలలే. వాని టెంటు లేసిపోయి తలంబ్రాలు మా పెండ్లి మీద పడ్డయి. మావోళ్ళకు డబుల్ ఆశీర్వాదం!"

"డాడీ, గది నూలు తాడు. ఈ తాళ్ళు..." అంటుండగా ఆమె ఫోను మోగింది. కోదాడ బడి నుంచి. మాట్లాడుకుంటూ నది వైపు నడుస్తూ, వెనక్కి తిరిగి నా చేతిలో ఒక మడత కాగితం పెట్టింది. "తాళ్ళ సంగతంత గిండ్ల రాసిన. సదువు."

చదవాల్సిందే. కానీ ఆ సాయంత్రం ఉప్పలయ్య దామరచర్ల నుంచి మిర్చి బజ్జీలు తెచ్చాడు. కాగితం మంచి మందం. నూనె బాగా పీల్చింది.

*

ఏప్రిల్ అంతా నిప్పుల మీద నడిచింది. పగలు నలభై నాలుగు డిగ్రీలు. అయినా సాయంత్రం నది మీది నుంచి గాలి తిరిగేసరికి, శనివారం శనివారం జనం వచ్చారు. మిర్యాలగూడ నుంచి రైసుమిల్లుల వాళ్ళ పిల్లలు, మేళ్లచెరువు ఫ్యాక్టరీ నుంచి ఇంజనీర్లు. మొదటి వారం ఒక రైసుమిల్లు అబ్బాయి పట్టా తాళ్ళకు కాలు తగిలి మూడుసార్లు పడ్డాడు. సన్నటి తాళ్ళు, మసక వెలుగులో కనిపించవు. మూడోసారి లేచి, "అంకుల్, ఇది క్యాంపా, కబడ్డీనా?" అన్నాడు.

మర్నాటికి నేను గోదాములో ఉన్న పెళ్ళి డెకరేషన్ తవ్వి, ప్లాస్టిక్ బంతిపూల దండలు తెచ్చి ఒక్కో తాడుకు చుట్టాను. పసుపు, నారింజ. మైలు దూరం నుంచి కనిపిస్తాయి.

"డాడీ, చెట్లకు పెండ్లి చేస్తున్నవా?" అని సింధు నెత్తి కొట్టుకుంది. కానీ ఆ తర్వాత ఒక్కడూ పడలేదు. వచ్చినవాళ్ళు ఆ దండల ముందు నిలబడి ఫొటోలు దిగారు. రెండో వారం చూస్తే తన క్యాంపు బోర్డు మీద సింధు బంతిపువ్వు బొమ్మ గీయించింది.

ఇంట్లో శోభ నన్ను వంటింటి గుమ్మంలో ఆపింది. లంబాడీలోనే మాట్లాడింది గనక కోపం లేదని తెలిసింది. పిల్ల మూడేళ్ళ తర్వాత కడుపునిండా అన్నం తింటోందని, నిద్రలో నవ్వుతోందని చెప్పింది. ఆఖర్న మాత్రం తెలుగులోకి మారింది.

"నువ్వు జర తక్కువ మాట్లాడు. గా పని ఆమెది."

"నేనేం మాట్లాడిన?"

"రేడియో కూడా మధ్యల ఆగుతది," అంది.

*

మే మూడో శనివారం కోదాడ నుంచి టీచర్లు వచ్చారు. ఆరుగురూ ఆడవాళ్ళే. పెద్దావిడ శ్రీలత టీచర్, హెడ్మిస్ట్రెస్. యాభై దాటిన మనిషి, కళ్ళద్దాలకు గొలుసు. దిగీ దిగగానే ప్రతి బెల్టూ లాగి చూసింది, ప్రతి ఉయ్యాలలోనూ కూర్చుని చూసింది, బంతి దండలు చూసి, "ఇవెవరి ఆలోచనండీ? బాగుంది," అంది.

"నాదేనండీ," అన్నాను. నేను నోరు తగ్గించాలన్న సంగతి మర్చిపోయాను. "మేం కడితే తాడైనా పెండ్లికూతురే మేడం!"

"తాడు సంగతి సరేనండీ. పిల్లలు జాగ్రత్తగా ఉంటారా లేదా, నాకదీ కావాలి. అరవై మందిని తెస్తాను. తల్లిదండ్రులు నా మొహం చూసి పంపుతారు."

సింధు ఆమెను తోపంతా తిప్పింది. నీళ్ళు ఎక్కడ, దవాఖాన ఎంత దూరం, నది వైపు కంచె ఎక్కడి దాకా. అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పింది. నేను దూరం నుంచి ఆవిడ తల ఊపడం లెక్కపెట్టుకున్నాను. మధ్యాహ్నానికే పని అయిపోయినట్టనిపించింది. యేసయ్య సార్ కూడా వచ్చి కుర్చీ వేసుకున్నాడు. భోజనాలయ్యాక టీచర్లు తలా ఒక ఉయ్యాలలో వాలి చిన్నపిల్లల్లా ఊగుతున్నారు.

నాలుగు గంటలకు రాత్రి వంట సామాను తెచ్చే ఆటో దారి తప్పి, హైవే మీద నుంచి ఫోన్ చేసింది. సింధు బండి తీసింది.

"పావుగంటల వస్త డాడీ. వీళ్ళను జర సూడు."

"నువ్వు పోయి రా. నేనున్న గద."

ఆమె పోయిన అయిదు నిమిషాలకు నది అవతల ఆకాశం కాటుక పూసుకుంది. గాలి ఒక్కసారి ఆగిపోయింది. ఆకు కదల్లేదు. నా ముక్కుకు తడి మట్టి వాసన తగిలింది. ఇరవై ఆరేళ్ళలో ఆ వాసన నన్ను ఒక్కసారీ మోసం చేయలేదు.

"ఉప్పలన్నా! వాన! వదులు!"

ఉప్పలయ్య ఒక క్షణం నిలబడ్డాడు. "సేటూ, బిడ్డ రానీ?"

"బిడ్డ వచ్చేదాంక వాన ఆగుతదా? జానెడు వదులు, అన్నీ!"

నేను చెయ్యి దించాను. అతను వదిలాడు. ఆ వైపు పన్నెండు అతను, ఈ వైపు పన్నెండు నేను. ఇరవై నాలుగు తాళ్ళు అయిదు నిమిషాల్లో జానెడు చొప్పున సడలించాం. టీచర్లు తలలెత్తి చూస్తుంటే చివ్వెంల పెళ్ళి కథ కూడా చెప్పాను. బాగా నవ్వారు. తాళ్ళు తడిసి, బిగుసుకుని, పట్టాలు డప్పుల్లా మోగుతాయని ధైర్యం చెప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

వాన వచ్చింది. నిమిషమైంది, రెండు నిమిషాలైంది. తాళ్ళు బిగుసుకోలేదు. తడిసినకొద్దీ ఇంకా సాగాయి. చూస్తుండగానే ఆరు పట్టాలూ ముసలెద్దు గంగడోలులా వేలాడాయి. మధ్యలో నీళ్ళు నిలిచి, బిందెలకొద్దీ బరువెక్కి, ఒక్కొక్కటీ కిందున్న మనిషి మీదికి ఒలికింది. శ్రీలత టీచర్ ఉయ్యాలలో కూర్చునే స్నానం చేసింది. నేను పరుగెత్తి ఒక తాడు పట్టుకునేలోగా గాలి దిగింది.

బిగువు తాడును గాలి ఏమీ చేయలేదు. వదులు తాడునైతే పట్టుకుని ఝాడించి ఝాడించి లాగుతుంది, కదిలే పన్నును ఊపి ఊపి పీకినట్టు. బస్తా పక్కకు దొర్లింది. అలిగి కూర్చున్న నా అల్లుడు లేచాడు. మూరెడు ఇనుప మేకు తాడు కొసన గిర్రున గాల్లో తిరిగి, శ్రీలత టీచర్ తల పక్కనుంచి పోయి, స్టీలు నీళ్ళ డ్రమ్ముకు తగిలింది. గుడి గంట కొట్టినట్టు మోగింది. డ్రమ్ముకు పిడికిలంత సొట్ట.

ఆవిడకూ ఆ డ్రమ్ముకూ మధ్య దూరం జానెడు.

యేసయ్య సార్ ఒక్కడు లేచి నిలబడ్డాడు.

అప్పుడే బండి ఆగిన చప్పుడు. సింధు వానలో పరుగెత్తుకొచ్చి నిలబడింది. వేలాడే పట్టాలు చూసింది. డ్రమ్ము చూసింది. ఒక తాడు చేత్తో పట్టి, ముడి ఎక్కడ జరిగిందో చూసింది.

"ఎవలు వదిలిన్రు?"

"నేనే బిడ్డా," అన్నాడు ఉప్పలయ్య. "అలవాటుల చెయ్యి పోయింది."

సింధు అతని వైపు చూసింది. ఆ మనిషి ఎవరూ చెప్పకుండా ఒక తాడు ముట్టడని ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఉప్పలయ్య నేల చూస్తున్నాడు. నేను నోరు తెరిచాను. మైకు అవసరం లేని గొంతు అని ఊరంతా చెప్పుకునే ఈ గొంతులోంచి ఆ రోజు గాలి మాత్రమే వచ్చింది.

"నేనే," అన్నాను.

"ఏంది?" వాన హోరులో ఆమెకు వినపడలేదు.

రెండోసారి చెప్పాల్సి వచ్చింది. అరిచి చెప్పాల్సి వచ్చింది.

"నేనే వదలమన్న! ఉప్పలన్న ఆగుదామన్నడు! నేనే ఆగలే!"

ఆరుగురు టీచర్లూ విన్నారు. యేసయ్య సార్ విన్నాడు. నదికి కూడా వినపడి ఉంటుంది.

సింధు కళ్ళలోని నీళ్ళు తుడుచుకుంది. వాననీళ్ళే అయి ఉంటాయి. "సరే," అంది. "గాలి పక్క మొదలు. డాడీ, గా మూల కిందికి గుంజు, మోకాలంత ఎత్తుకు. కాకా, ఇనుప మేకులకు రెండేసి బస్తాలు. మేడం, మీరందరు జర చింతచెట్టు ఇవతల గోడ పక్కకు రాండ్రి."

నేను గుంజాను. ఆమె ఎక్కడ అంటే అక్కడ, ఎంత అంటే అంత. నా చేతిలో తాడు సాగినప్పుడల్లా ఆమె వచ్చి ఇంకొంచెం లాగి ముడి బిగించింది. ఆ ముడి జరపడమే తప్ప వేయడం నాకు రాదు. ఇన్నేళ్ళలో నాకు రాని ముడి ఒకటి ఉంటుందని నాకు తోచలేదు. అరగంటలో ఆరు పట్టాలూ గాలికి వీపు తిప్పి, నేలకు దగ్గరగా ఒదిగి నిలబడ్డాయి. పట్టా కింద ఆఖరి తాడు కడుతూ సింధు మామూలుగా, పక్కవాడికి దారి చెప్పినట్టు చెప్పింది.

"నూలు తడిస్తే కుంచుకపోతది డాడీ. నైలాన్ తడిస్తే సాగుతది. వానకు ముందు బిగియ్యాలె. కాగితంల రాసిన."

"కాగితం మీద బజ్జీలు తిన్న," అన్నాను.

ఆమె నవ్వలేదు. నేను నవ్వించడానికి చెప్పలేదు కూడా.

*

వాన వెలిశాక శ్రీలత టీచర్ కొంగు పిండుకుంటూ వచ్చింది. కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుని, మమ్మల్నందరినీ ఒక వరసలో నిలబెట్టినట్టు చూసింది.

"ఇక్కడ ఎవరి మాట చెల్లుతుందండీ?"

అందరి కళ్ళూ నా వైపు తిరిగాయి. గట్టిగా మాట్లాడేవాణ్ణి నేనే గదా. సింధు కూడా నన్నే చూస్తోంది. ఏం చెబుతానో ఆమెకు తెలియదు. ఆ మాటకొస్తే నాకూ తెలియదు.

"ఆమెది మేడం," అన్నాను. "నేను పనోణ్ని. నేను పనోని లెక్క ఉండలే, అందుకే గింత అయింది."

"ఈవిడ లేనప్పుడు?"

"లేనప్పుడు కూడా ఆమెదే. నేను తాడు ముట్ట."

ఆవిడ డ్రమ్ము సొట్ట మీద వేలు పెట్టి చూసింది. "పరీక్ష పోయిందండీ. అది పోయినట్టే. కానీ మా బళ్ళో సప్లిమెంటరీ ఉంటుంది. జూన్‌లో మొదటి వానకి నేనొక్కదాన్నే వస్తాను. ఆ ఉయ్యాల్లోనే పడుకుంటాను. ఒక్క చుక్క పడినా, ఒక్క మేకు కదిలినా నమస్కారం పెట్టి వెళ్ళిపోతాను."

"వాన మీరు చెప్పిన రోజు రాదు గద మేడం," అన్నాడు యేసయ్య సార్.

"కబురు పెట్టండి. కోదాడ ఎంత దూరం? బస్సెక్కి వచ్చేస్తాను."

ఇంటికొచ్చాక శోభ ఏమీ అనలేదు. తెలుగులోనూ అనలేదు, లంబాడీలోనూ అనలేదు. అన్నం పెట్టింది. సింధు గదిలో బ్యాగు సగం సర్ది ఉంది. జిప్పు పెట్టలేదు. ఆ జిప్పు చూడకుండా ఉండటానికి నేను మూడు వారాలు వాకిట్లోనే పడుకున్నాను.

పొద్దున పూట గోదాములో సింధు నాకు ఆ ముడి నేర్పింది. తాడు చుట్టి, మడిచి, లోపలి నుంచి తీసి, జారనివ్వకుండా జరిపి బిగించే ముడి. అవసరమైనప్పుడు ముడిని చేత్తో పైకి తోస్తే తాడు బిగుస్తుంది, కిందికి జరిపితే వదులవుతుంది. నా వేళ్ళు పాత దారినే పోయేవి. ఉప్పలయ్యకు రెండు రోజుల్లో వచ్చింది. నాకు పదకొండు రోజులు పట్టింది.

"సేటూ, నువ్వు మాట్లాడుకుంట కడుతున్నవ్. గందుకే," అన్నాడు ఉప్పలయ్య.

*

జూన్ పన్నెండున పొద్దున్నే మబ్బు పట్టింది. సింధు కోదాడకు ఫోన్ చేసింది. పదకొండింటికల్లా శ్రీలత టీచర్ ఒక చేతిసంచీతో దిగి, ఎవరితోనూ మాట్లాడకుండా పోయి, అదే ఉయ్యాలలో పడుకుంది. యేసయ్య సార్ గోడ పక్క కుర్చీ వేసుకున్నాడు.

మూడు గంటలకు గాలి ఆగింది. మట్టి వాసన వచ్చింది. నా కుడిచెయ్యి దానంతటదే తాడు మీదికి పోయింది. తీసుకున్నాను.

"సింధూ, ఏం జేయమంటవ్?"

"బిగియ్యి డాడీ. ఇంకింత. గాలి పక్క దించు."

బిగించాను. వాన ఒక గంట కొట్టింది. గాలి పట్టాను పట్టుకుని చూసింది, దొరకలేదు, పైనుంచి పోయింది. తాళ్ళు సాగినప్పుడల్లా సింధు ఒకసారి, ఉప్పలయ్య ఒకసారి చుట్టూ తిరిగి బిగించారు. నన్ను పిలిచినప్పుడు నేను పోయాను. ఆ గంటలో నేను మాట్లాడిన మాటలు ఆరో ఏడో ఉంటాయి. సార్ రెండుసార్లు నా వైపు అనుమానంగా చూశాడు, ఒంట్లో బాగాలేదేమో అని.

వాన తగ్గాక ఉయ్యాల కదిలింది. శ్రీలత టీచర్ కాళ్ళు దింపి, చెప్పులు వెతుక్కుని, తన చీర కుచ్చిళ్ళు ముట్టి చూసుకుంది. పొడిగా ఉన్నాయి. పట్టా కింద నేల కూడా పొడిగా ఉంది.

"నిద్ర పట్టేసిందండీ," అంది, కొంచెం సిగ్గుపడుతూ. "నవంబర్‌లో అరవై మంది. ముప్పై, ముప్పై చేసి తెస్తాను. మరి ఇనుప మేకుల మీద రెండు బస్తాలు అట్లాగే ఉంచండి."

సింధు ఫోన్ తీసుకుని నది వైపు నడిచింది. హోటల్ వాళ్ళకు రానని చెప్పడం ఇక్కడికి మాట మాటా వినపడింది. ఆ గొంతు ఎవరి నుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. సార్ కూడా తల ఊపాడు.

ఆ తర్వాత వెనక్కి వచ్చి, ఇంకో వాన వచ్చేలా ఉందని తాళ్ళన్నీ చూసుకుంటూ నడిచింది. ఉప్పలయ్య కట్టినవి కంటితో చూసి దాటిపోయింది. నేను కట్టిన నాలుగింటి దగ్గర మాత్రం ఒక్కోదాని దగ్గరా ఆగింది. వంగి, ముడి పట్టి, గుంజి చూసింది. ఒకటి. రెండు. మూడు. నాలుగోదాని దగ్గర ఇంకొంచెం సేపు ఆగింది.

"డాడీ, ఇది మళ్ళ కట్టు."

విప్పి, మళ్ళీ కట్టాను.